కువైట్‌లో ఉన్న చెల్లికి పండగ కబుర్లు

బుజ్జీ,

నీకూ, నీ గదిలో ఉండే ఆ శ్రీలంక అమ్మాయికీ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. సంక్రాంతివి కూడా ఇప్పుడే చెప్పేస్తున్నా. ఆ మూడు రోజులూ నాకు ఊపిరాడదు.

ఇమోలో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ రాతలేంటి అంటావేమో. ఇమోలో మనం మాట్లాడుకునేదెంత? నువ్వు ‘తిన్నారా’ అంటావు, మేం ‘తిన్నాం, నువ్వు తిన్నావా’ అంటాం. ఈలోపు అమ్మ ఫోను లాక్కుని చెవికి ఆనించేసుకుంటుంది. వీడియో కాలమ్మా, ఎదురుగా పెట్టుకోవాలని ఎన్నిసార్లు చెప్పినా అంతే. నీకక్కడ అమ్మ చెవీ, చెవిదుద్దూ తప్ప ఇంకేం కనబడవు. ఆ తర్వాత మీ ఆయన డబ్బులు పడ్డాయని చెప్పేలోపే మీ మామ, అదే మీ యజమానురాలు, లోపల్నుంచి పిలుస్తుంది, నువ్వు పెట్టేస్తావు. అసలు కబుర్లన్నీ నా దగ్గరే ఉండిపోతున్నాయి. అందుకే రాసి పంపుతున్నా. ఒకేసారి చదవక్కర్లేదు, తీరికున్నప్పుడల్లా కాస్త కాస్త చదువుకో.

డిసెంబరు వచ్చిందంటే నా కుట్టుపని సంగతి నీకు తెలిసిందే. ముందు క్రిస్మస్ బట్టలు, అవి ఇచ్చేసరికి జనవరి ఫస్టువి, వాటి వెనకే సంక్రాంతివి. ఈ ఏడు పెళ్ళి జాకెట్లు మాత్రం లేవు. నవంబరు ఆఖర్న పట్టిన శుక్రమూఢం ఫిబ్రవరి సగం దాకా వదలదట, ముహూర్తాలే లేవన్నారు పంతులుగారు. నాలుగు డబ్బులు పోయాయన్న బాధ ఉంది గానీ, పెళ్ళికూతురి తల్లులు వచ్చి మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోలేదు కదా, అదొక సుఖం.

క్రిస్మస్ అంటే చర్చి వీధి మొత్తం తెలుపే. నువ్వు నా దగ్గర కాజాలు కుట్టిన రోజుల్లోనే అనేదానివి, తెల్లజాకెట్టు చూస్తే భయమేస్తుందని. ఇప్పటికీ అంతే. మిషనుకి నూనె వేసిన రోజు తెల్లబట్ట ముట్టుకోను. ముందు పాతగుడ్డ పీలిక మీద సూదిని అటూ ఇటూ నడిపించి, ఆ తర్వాత రెండు రంగు జాకెట్లు కుట్టి, అప్పుడు గానీ తెల్లది ఎక్కించను. అయినా సూది మొదట్లో ఎక్కడో ఓ చుక్క దాక్కునే ఉంటుంది. అది పడితే చంక కిందో వీపు మీదో పడదు, సరిగ్గా ఎదురుగానే పడుతుంది. ఈసారి దేవుడి దయవల్ల ఒక్కటీ పాడవలేదు. పాస్టరమ్మగారు 24 సాయంత్రం జాకెట్టు తీసుకెళ్తూ కేకూ, ఓ డబ్బాడు గులాబీ పువ్వులూ ఇచ్చి వెళ్ళారు. నూనె బాగా పీల్చేశాయని వంక పెడుతూనే అమ్మ నాలుగు లాగించింది.

కేరల్సు వాళ్ళు మన వీధిక్కూడా వచ్చారు. రాత్రి పదకొండు దాటింది, డోలక్కు చప్పుడికి కుక్కలన్నీ లేచాయి. నీ కూతురు గబగబా తలుపు తీసి నిలబడింది. దాని క్లాసు పిల్లలు ముగ్గురున్నారులే అందులో. ఏటా చర్చి పక్క కొబ్బరిచెట్టుకి నక్షత్రం కట్టేవారు గుర్తుందా, ఆ చెట్టు మొంథా తుఫానుకి పడిపోయింది. ఈసారి చర్చి మేడ మీద వెదురు నిలబెట్టి కట్టారు. ఎత్తు తక్కువైనా, మన డాబా మీంచి ఇదివరకటికన్నా బాగా కనబడుతోంది.

మొంథా సంగతి అప్పట్లో టీవీలో నువ్వే మాకన్నా ఎక్కువ చూశావు. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటుతుంటే, నువ్వు అక్కణ్ణుంచి గంటకోసారి ఫోను చేసి ‘బతికున్నారా’ అని అడగడం, కరెంటు లేక మా ఫోన్లు ఒక్కొక్కటీ చచ్చిపోవడం. మన ఇంటికేం కాలేదు. చేలల్లో వరి మాత్రం పడుకుంది. పడిన చేను కోతమిషనుకి సరిగ్గా అందదు, మనుషుల్ని పెట్టి కోయించాలి, కూలీ రెండింతలు. మీ బావగారు కోత కోయించి, లెక్క రాసి, ఆ కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టారు. దాని మాట మేం ఎత్తడం లేదు, నువ్వూ ఎత్తకు.

ఇంకో ముఖ్యమైన వార్త. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. పంద్రాగస్టు నుంచి పెట్టారు, స్త్రీ శక్తి అని. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. ఇదివరకు దారపు ఉండలకీ హుక్కులకీ అమలాపురం వెళ్ళాలంటే, ఎవరో ఒకరు వెళ్ళేదాకా ఆగి చీటీ రాసి ఇచ్చేదాన్ని. ఇప్పుడు లైనింగు గుడ్డ రంగు కలవకపోతే మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళి మార్చుకొచ్చేస్తున్నా. ముక్కోటికి అమ్మని అప్పనపల్లి తీసుకెళ్ళా. ఆవిడ సున్నా టికెట్టు చింపకుండా పర్సులో దాచింది, ఎవరైనా అడిగితే చూపించాలట. బస్సులో నిలబడ్డానికి చోటుండదు, అది వేరే విషయం.

కానీ మీ ఆయన ముందు ఈ మాట అనకు. ఆటో ఎక్కే ఆడవాళ్ళే లేకుండా పోయారని పాపం ముఖం వేలాడేసుకుని ఉంటున్నాడు. అక్టోబర్లో ఆటో డ్రైవర్లకని ప్రభుత్వం 15 వేలు వేసింది, దాంతో టైర్లు మార్చి ఇన్సూరెన్సు కట్టాడు. ఇప్పుడు ఉదయం ఇంగ్లీషు మీడియం బడి పిల్లల్ని దింపడం, సాయంత్రం తీసుకురావడం, మధ్యలో అంబాజీపేట కొబ్బరికాయల కొట్ల దగ్గర సరుకు దొరికితే వేసుకోవడం. నేను ఫ్రీ బస్సు దిగి ఇంటికొస్తుంటే స్టాండులో ఎదురుపడతాడు. ‘ఏం వదినగారూ, బస్సులో చోటు దొరికిందా’ అంటాడు. వెటకారమే అయినా నాకు నవ్వు రాదు. మంచి చేసే పని ఒకటి మొదలుపెడితే దాని దెబ్బ ఎవరికో తగులుతూనే ఉంటుంది. తగిలింది మనింట్లోనే కాబట్టి నాకు తెలిసొచ్చింది.

రైలు మాత్రం ఇంకా రాలేదు. కువైట్ నుంచి వచ్చేటప్పుడు కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్ళే రైలెక్కి ఊరికొస్తానన్నావు కదా, నీ మనవరాలు ఎక్కుతుందేమో చూద్దాం.

ఇప్పుడు నీ కూతురి కబురు. మార్చిలో పదో తరగతి పరీక్షలు కదా, పొద్దున్నే లేపమని అలారం పెట్టుకుంటుంది, అది మోగితే నేను లేచి దాన్ని లేపాలి. నెలగంట పెట్టినప్పట్నుంచీ వాకిలి దానిదే. అమ్మ చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వెయ్యమంటే, ఇది ఫోను ఎదురుగా పెట్టుకుని యూట్యూబులో చూసి నెమళ్ళూ రంగులూ వేస్తోంది. చుక్కల్లేకుండా ముగ్గేంటే అని అమ్మ. చుక్కల ముగ్గుకి లైకులు రావు అమ్మమ్మా అని ఇది. రోజూ పొద్దున్న ఆరింటికి ఇదే పంచాయితీ. మొన్న ఇద్దరూ రాజీకొచ్చి మధ్యలో నెమలి, చుట్టూ మెలికలు వేశారు. గొబ్బెమ్మలు మాత్రం చక్కగా చేస్తోంది, పేడ ముట్టుకోడానికి ముఖం చిట్లించదు. పైన గుమ్మడిపువ్వు దొరక్కపోతే ముద్దబంతి. పువ్వులకోసం పక్కింటివాళ్ళ పాదు మీద దాడి చేస్తోందని ఫిర్యాదు వచ్చింది, నేను విననట్టు ఊరుకున్నా.

పండక్కి దానికి లంగా ఓణీ కుడుతున్నా. నువ్వు దసరాకి పంపిన డబ్బుతో బండారులంక పట్టు తీశాను, ఆకుపచ్చకి వంకాయరంగు అంచు. జాకెట్టుకి కొలతలు తీద్దామని టేపు పట్టుకుంటే చక్కిలిగింతలని ఒకటే మెలికలు. విసుగొచ్చి, పెట్టెలోంచి నీ ఆది జాకెట్టు తీశా. నువ్వు వెళ్ళేముందు ఇచ్చి వెళ్ళావే, ఆ నీలం పువ్వులది. వేసి చూశా. భుజాలు సరిపోయాయి. చేతులు సరిపోయాయి. నడుం దగ్గర ఒక్క అంగుళం లోపలికి పట్టానంతే. నువ్వు వెళ్ళేటప్పటికి అది నీ చీరకుచ్చిళ్ళు పట్టుకు తిరిగేది. ఆ ఆది మీదే కత్తిరించాను. ఫొటో పంపుతాలే, ఏడవకుండా చూడు.

నీకూ రెండు జాకెట్లు కుట్టాను, అదే ఆదితో. నువ్వు అక్కడ చిక్కావో ఒళ్ళు చేశావో వీడియోలో తెలియదు కాబట్టి పక్కల్లో ఖర్చు వదిలి కుట్టా. విప్పుకోవడమో, పట్టుకోవడమో నీ పని.

పాలగుమ్మి వాళ్ళ కోడలు సెలవయిపోయి ఇరవయ్యో తేదీన కువైట్ తిరిగి వెళ్తోంది, ఆవిడతో పంపుతాను. అక్కడి మాలియాలో శుక్రవారం కలుసుకుని తీసుకో. మొహమాటపడి ఆవిడకే వదిలెయ్యకు, డబ్బా మీద నీ పేరు రాస్తున్నా. అరిసెలు అయితే పంపుతున్నా గానీ అవి నువ్వుల అరిసెలే. గసగసాలద్దినవి నీకిష్టమని తెలుసు. గల్ఫ్‌లో గసగసాల పొట్లం దొరికితే జైల్లో వేస్తారని మీవాళ్ళందరూ చెప్పేదే కదా, అరిసె మీద అంటుకున్న గింజలకి కూడా భయపడాల్సిందే. అమ్మకి ఇది ఎంతకీ అర్థం కాదు. ‘గసగసాలు తింటే పోలీసులేంటే’ అని నాలుగుసార్లు అడిగింది.

అరిసెల పిండి దగ్గర ఈసారి పెద్ద గొడవ. బియ్యం నానబోసి, నీళ్ళు మార్చి, చీర మీద ఆరబోసి, తడి ఉండగానే పిండి పట్టించాలి కదా. పండగ దగ్గర పడితే మర దగ్గర డబ్బాలు రోడ్డు దాకా బారు తీరతాయి, అప్పటికి తడి ఆరిపోతుంది. అందుకని పదిహేను రోజుల ముందే, మొన్న శనివారం పెట్టుకుందామన్నా. అమ్మేమో ధనుర్మాసం సగం కాకుండా పాకం పడితే పండగదాకా ఏం మిగులుతాయంది. రెండుసార్లు చేద్దాం, ఇది బుజ్జికి, అది పండక్కి అని చెప్పాక కాళ్ళు కదిపింది. పాకం మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అనకాపల్లి బెల్లం దంచి, కాసిని నీళ్ళు పోసి, పళ్ళెంలో చల్లనీళ్ళు పక్కన పెట్టుకుని, చుక్క వెయ్యడం, వేలితో ఉండ చెయ్యడం, పళ్ళానికేసి కొట్టి టక్కుమందా లేదా అని వినడం. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అంటూనే ఒక్కసారి ‘దించండి దించండి’ అని అరిచింది. మీ ఆయన గిన్నె దించి పట్టుకున్నాడు, బావగారు పిండి పోశారు, నేను తెడ్డు తిప్పా. చలిమిడి ముద్దయ్యాక నీ కూతురు పిడికెడు తీసుకుని పారిపోయింది. నువ్వూ అదే పని చేసేదానివి, దొరికితే తిట్లు నాకు పడేవి.

వేగిన అరిసెని చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కే పని బావగారిది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు, ఆయన బయట పెద్దమనిషి.

బయట పెద్దమనిషి గారు ఇంట్లో ఇంకో పని కూడా చేస్తున్నారు. పందెం కోడిని పెంచుతున్నారు. ఎర్ర డేగ అట. బాదంపప్పు నానబెట్టి పొట్టు తీసి పెడతారు, ఉడకబెట్టిన గుడ్డు పెడతారు, పొద్దున్నే చెరువులో ఈత కొట్టిస్తారు. మొన్న నా మోకాళ్ళ నొప్పులకి డాక్టరు బాదం తినమన్నారని చెబితే, ‘డబ్బాలో ఉన్నాయి, కోడివి కాకుండా వేరే తీసుకో’ అన్నారు. ఏమనాలి చెప్పు? ఏటా హైకోర్టు వద్దంటుంది, పోలీసులు మైకులో చెప్తారు, బరులు మాత్రం ఎక్కడివక్కడ లేస్తాయి. కాలికి కత్తి కట్టి వదిలేది ఓ వినోదమా అని నేనంటే, సంప్రదాయం అంటారు. సంప్రదాయమైతే పొద్దున్నే లేచి గొబ్బెమ్మలు చెయ్యొచ్చుగా. ఆయన్ని ఆపడం నావల్ల కాదు గానీ, ఆ కోడి మీద నాకు జాలేస్తోంది. దానికి ఈత చాలా ఇష్టం.

భోగికి ఈసారి కర్రకి లోటు లేదు. మొంథాకి పడ్డ కొబ్బరి మట్టలూ, మొద్దులూ, వేప కొమ్మలూ వీధి చివర గుట్టగా ఉన్నాయి. పిల్లలు పిడకల దండలు గుచ్చి ఎండబెట్టారు. ఆ గుట్ట చూసి బావగారు 1995 సంక్రాంతిని గుర్తు చేశారు. నీకు సరిగ్గా గుర్తుండదు, మరీ చిన్నదానివి. జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి మంటలు లేచాయి. అవి ఆరడానికి 65 రోజులు పట్టింది. రాత్రి కూడా ఆకాశం ఎర్రగా, పగల్లా ఉండేది. ఆ భోగికి నాన్న మన వాకిట్లో మంట వెయ్యనివ్వలేదు, ‘అక్కడ మండుతోంది చాలు’ అన్నారు. రెండు పిడకలు మాత్రం ముట్టించి, నీళ్ళ బిందె పక్కన పెట్టుకుని కూర్చున్నారు. అంత భయంలోనూ నీకు భోగిపళ్ళు పోశాం. రేగిపళ్ళూ, చెరుకు ముక్కలూ, చిల్లర డబ్బులూ. పళ్ళు నెత్తిన పడుతుంటే ఏడుస్తూనే నాణేలు మాత్రం ఏరుకున్నావు. డబ్బు దగ్గర నీకు అప్పట్నుంచీ జాగ్రత్తే.

ఈసారి భోగి బుధవారం 14, పండగ గురువారం, కనుమ శుక్రవారం పడింది. నీకూ శుక్రవారం సెలవు కదా, అందుకే ముందే చెబుతున్నా. మీ మామ వాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుంటారని, అక్కడికి నిన్ను తీసుకెళ్తే సెలవు ఎగిరిపోతుందని చెప్పావు. ఆ శుక్రవారం మాత్రం ఇంట్లో పండగుందని ఇప్పట్నుంచే చెవిలో వేసి ఉంచు. గుడారంలో రాత్రిళ్ళు చలి కొరికేస్తుందన్నావు, స్వెట్టరు వేసుకుంటున్నావా? కిందటేడు పంపింది ఎవరికో ఇచ్చేశావని నాకు తెలుసు.

కనుమనాడు కాకైనా కదలదంటారు, మన కోనసీమలో మాత్రం ఆ రోజు ఇంట్లో ఎవరూ ఉండరు. పొద్దున్నే మినప గారెలు తినేసి జగ్గన్నతోట తీర్థానికి పోతాం. పదకొండు ఊళ్ళ ప్రభలూ వచ్చేది అప్పుడే, ఏకాదశ రుద్రులూ ఒకచోట చేరే రోజు. నువ్వు వెళ్ళాక 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ఈ ప్రభల తీర్థాన్నే పెట్టారు, తెలుసుగా. టీవీలో చూసి అమ్మ ‘ప్రభని ట్రాక్టరు మీద పెట్టారేంటే, భుజాల మీద కదా మొయ్యాలి’ అంది. ఢిల్లీ వాళ్ళకి అంత ఓపికెక్కడిది?

ఈసారి నాకూ అందులో చెయ్యుంది. ఒక ఊరి కుర్రాళ్ళు ప్రభకి చుట్టే రంగుబట్టలు తెచ్చి, అంచులు మడిచి కుట్టి పెట్టమన్నారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తానులు, ఒక్కొక్కటీ మన వరండా దాటి వీధిలోకి వెళ్ళింది. మిషను కింద ఇటు తొయ్యడం నేను, అటు లాగడం నీ కూతురు. డబ్బులు తీసుకోలేదు. తీసుకోకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, ప్రభ మా వీధిలోంచి తిప్పుతామన్నారు.

గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటేటప్పుడు నీకు ఫోను చెయ్యాలని నీ కూతురి పట్టుదల. నీళ్ళు గుండెల దాకా, మీద అంత ప్రభ, ఒడ్డున జనం ‘అశరభ శరభ’ అంటూ గోల. ఆ జనంలో సిగ్నలు దొరుకుతుందో లేదో నేను చెప్పలేను. దొరక్కపోతే వీడియో తీసి రాత్రికి పంపుతుంది. నువ్వు ఊరికే కంగారుపడి పదిసార్లు ఫోను చెయ్యకు. మీకు పదైతే ఇక్కడ పన్నెండున్నర, ఆ వేళకి నేను మాత్రం మేలుకునే ఉంటా. మిషను చప్పుడు వినబడుతుంది, ఏమనుకోకు.

ఇక నీ కొత్త ఇల్లు. శ్లాబు బాగా ఉంది, మొంథా వానకి ఒక్క చుక్క కారలేదు. గోడలకి లోపలి ప్లాస్టరింగు అయింది. మూఢం పోయాక కదా గృహప్రవేశం, ఎలాగూ నీ సెలవు ఎండాకాలంలో, తొందర లేదు. కరెంటు వైరింగుకి పిలిచినతను పండగ వెళ్ళాక వస్తానన్నాడు, ఏ పండగో చెప్పలేదు. వంటింటి గట్టుకి నల్లరాయి ఖాయం చేశాను. పడమటి కిటికీ దగ్గర నీ మిషనుకి సరిపడా చోటు వదలమన్నా, పాతది నేను బాగు చేయించి ఉంచాను. నువ్వు వచ్చాక కుడతావో కుట్టవో నీ ఇష్టం.

బాత్రూము టైల్సు మాత్రం నువ్వే తేల్చాలి. తెలుపు వద్దు, మన బోరునీళ్ళకి ఏడాదిలో పచ్చబడిపోతాయి. లేత బూడిదరంగువి రావులపాలెంలో చూసి వచ్చా, ఫొటో పంపుతున్నా. మీ ఆయన నీలం అంటాడు, వినకు.

ఉంటా మరి,
అక్క